గాజు మేడలో సముద్రం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఒరాకిల్ అని ఒక చిన్న ఊరు. చుట్టూ ఎడారి, ముళ్ల చెట్లు, ఎండకు మాడిన రాతి కొండలు. అలాంటి చోట 1991 నాటికి ఒక సముద్రం ఉండేది. పొడవు 45 మీటర్లు, వెడల్పు 19, బాగా లోతైన చోట 7 మీటర్లు. దానికి ఇసుక ఒడ్డు ఉండేది, అలలు వచ్చేవి. ఒడ్డు దాటి లోపలికి దిగితే మెక్సికో కరీబియన్ తీరం నుంచి తెచ్చిన పగడాలు, వాటి సందుల్లో చేపలు. ఆకాశం ఉండాల్సిన చోట ఉక్కు చట్రాల్లో బిగించిన గాజు కప్పు. ఆ కప్పు కిందే వాన అడవి, పచ్చిక మైదానం, మడ చిత్తడి, పొలం, మనుషులుండే గదులు కూడా. మొత్తం 3.14 ఎకరాలు. దానికి బయోస్ఫియర్ 2 అని పేరు పెట్టారు. మొదటి బయోస్ఫియర్ మనం ఉంటున్న భూమి.

ఆ మేడ గురించి చాలా రాశారు. లోపల ఉన్న ఎనిమిది మంది మధ్య గొడవలు రాశారు, తిండి చాలక వాళ్లు చిక్కిపోవడం రాశారు, ఆక్సిజన్ తరిగిపోవడం రాశారు, వెక్కిరించారు కూడా. ఆ పగడాల గురించి మాత్రం ఎవరూ పెద్దగా బాధపడలేదు. గాజు తొట్టిలో పగడాలను బతికించాలని మనిషి చేసిన ప్రయత్నాలన్నిట్లోకీ సాహసమైనది అదే. అంత పెద్దదీ, అంత దగ్గరగా గెలుపు చూసిందీ, అంత దిక్కులేకుండా పోయిందీ మరొకటి నాకు తెలియదు.

ఆ నీళ్లలో కొంత పసిఫిక్ మహాసముద్రానిది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ తీరం నుంచి ట్యాంకర్లలో ఎడారి దాటించి తెచ్చారు. మిగతాది స్థానికంగా దొరికిన మంచినీరే. అందులో ఇన్‌స్టంట్ ఓషన్ అనే ఉప్పుల మిశ్రమం కలిపారు. ఇంట్లో సముద్రపు చేపలు పెంచుకునేవాళ్లు బకెట్టులో కలుపుకునేది కూడా ఆ మిశ్రమమే. అంతా కలిపి దాదాపు 26 లక్షల లీటర్లు. స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసే వాల్టర్ ఆడీ, నీటిని నాచుతోనే శుభ్రం చేసే పద్ధతి రూపొందించారు. ఇక్కడ వాడింది అదే. వెలుతురు కింద పలచని నాచు పరుపుల మీదుగా నీటిని పారిస్తే, నీటిలోని నైట్రేట్లను నాచు తినేస్తుంది. పెరిగిన నాచును గీకి తీసేస్తే ఆ నైట్రేట్లు కూడా దాంతోపాటు బయటికి పోతాయి. పగడాలను యుకటాన్ ద్వీపకల్పంలోని అకుమాల్ తీరం నుంచి సేకరించి, నీళ్ల తొట్లలో ట్రక్కుల మీద తెచ్చారు. దారి పొడవునా వాటికి గాలి ఆడాలి, వేడి తగ్గకూడదు, పెరగకూడదు. అంత దూరం వచ్చి అవి బతికాయి.

పగడం చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ, నిజానికి అది రాయి కట్టే ప్రాణి. గోరంత జీవులు వేలకు వేలు కలిసి, నీటిలో కరిగివున్న క్యాల్షియాన్నీ కార్బనేటునూ తీసుకుని, అరగొనైట్ అనే సున్నపు గూడు కట్టుకుంటాయి. సహజ సముద్రంలో లీటరుకు 410 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. మెగ్నీషియం 1,300 దాకా ఉంటుంది. కార్బనేటు, బైకార్బనేటుల నిల్వను క్షారత అంటారు. అది లీటరుకు 2.3 మిల్లీ ఈక్వివలెంట్ల చుట్టూ ఉంటుంది. పగడం లీటరుకు 20 మిల్లీగ్రాముల క్యాల్షియం వాడుకుంటే, దానితో పాటే ఒక మిల్లీ ఈక్వివలెంట్ క్షారత కూడా ఖర్చవుతుంది. లెక్క చూడండి. క్యాల్షియం అలాంటి ఇరవై ఖర్చులకు సరిపోతుంది. క్షారత రెండు ఖర్చులకే అడుగంటుతుంది. నదులు కొండలను కడిగి సున్నం మోసుకొచ్చే సముద్రంలో ఈ లోటు తెలియదు. గాజు తొట్టిలోకి నదులు రావు. అక్కడ నది చేసే పని మనిషి చెయ్యాలి.

ఇళ్లలో పగడాలు పెంచేవాళ్లు ఈ పనికి మొదట వాడినది సున్నపుతేట. 1970ల్లో ఐరోపాలో పీటర్ విల్కెన్స్ ఈ పద్ధతికి ప్రచారం తెచ్చారు. మన తాంబూలపు పెట్టెలో ఉండే సున్నం కూడా రసాయనం ప్రకారం ఇదే, క్యాల్షియం హైడ్రాక్సైడ్. లీటరు నీటిలో గ్రామున్నర పైచిలుకు మాత్రమే కరుగుతుంది. పైకి తేరిన నీటిని రాత్రిపూట చుక్కలు చుక్కలుగా వదలాలి. ఆ తేట క్షార గుణం ఎంత తీక్షణమంటే ఒక్కసారిగా పోస్తే తొట్టిలో ప్రాణులు కాలిపోతాయి. మన తీరంలో ఒకప్పుడు గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి గుల్లసున్నం చేసేవారు. సముద్ర జీవులు కట్టిన గూళ్లు కాలి సున్నమై గోడలకెక్కేవి. విల్కెన్స్ పద్ధతిలో అదే సున్నం తిరిగి గూళ్లు కట్టడానికి సముద్ర జీవుల దగ్గరకే వెళ్లింది. ఈ తిరుగు ప్రయాణం నాకు ఎంతో ఇష్టం.

తర్వాత రెండు సీసాల పద్ధతి వచ్చింది. ఇంట్లోనే ఈ ఖనిజ ద్రావణాలు చేసుకునే పద్ధతిని అమెరికా రసాయన శాస్త్రవేత్త రాండీ హోమ్స్-ఫార్లీ అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టారు. ఒక సీసాలో 500 గ్రాముల క్యాల్షియం క్లోరైడ్, ఒక అమెరికన్ గాలను, అంటే 3.8 లీటర్ల నీటికి. చలి దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే తెల్లటి పెళ్లలు అవే. రెండో సీసాకు 594 గ్రాముల తినే సోడా. దాన్ని ముందు పళ్లెంలో పరిచి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు వేడి చేస్తారు. అందులోంచి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వెళ్లిపోయి అది సోడియం కార్బనేటుగా మారుతుంది. దాన్ని కూడా అంతే నీటిలో కలుపుతారు. ఇలా వేడి చేసిన సోడా నీటి పీహెచ్‌ను కూడా పైకి తీసుకొస్తుంది. మూడో సీసాలో మెగ్నీషియం క్లోరైడు, ఎప్సమ్ సాల్ట్. నీటిలో క్యాల్షియం, కార్బనేట్ తొందరపడి రాయిగా గడ్డకట్టకుండా ఆపేది మెగ్నీషియమే.

మొదటి రెండు సీసాలనూ ఒకేసారి, ఒకేచోట పోయకూడదు. పోస్తే రెండూ అక్కడికక్కడే కలిసి తెల్లగా విరిగి సున్నపు పొడిగా అడుగుకు దిగిపోతాయి. పగడానికి అందాల్సింది పగడానికి అందదు. వేర్వేరుగా, వేరే వేళల్లో, నీరు బాగా కదిలే చోట కొద్దికొద్దిగా వెయ్యాలి. పొద్దున్నే నీటిని కొలవాలి, చీటీ మీద రాసుకోవాలి, నిన్నటి అంకెతో పోల్చాలి. పగడానికి కావాల్సింది ఎక్కువ సున్నం కంటే నిలకడైన సున్నం. క్షారత ఒక్క రాత్రిలో ఎగిరిపడితే కొమ్మల పగడాల చివళ్లు తెల్లబోతాయి. ఒక్కోసారి మొదలు దగ్గర మాంసం పొరలుగా ఊడి, తెల్లారేసరికి ఎముక ఒక్కటే మిగులుతుంది. ఏళ్ల తరబడి అరచేతిలో పెట్టుకుని పెంచినవి అలా పోవడం చూసినవాళ్ల ముఖాలు నేను చూశాను. అది చేప చచ్చిపోవడం లాంటిది కాదు. ఊరు ఖాళీ అయినట్టుంటుంది.

రెండు వందల లీటర్ల తొట్టిలో క్షారతను ఒక్క మిల్లీ ఈక్వివలెంట్ పెంచడానికి 17 గ్రాముల తినే సోడా చాలు. గాజు మేడలోని సముద్రానికి అదే పని చెయ్యాలంటే దాదాపు 220 కిలోలు కావాలి. దానికి జోడీగా 190 కిలోల క్యాల్షియం క్లోరైడు. ఇంటి వంటగదిలో చెంచాతో చేసే పని అక్కడ బస్తాలతో చెయ్యాలి.

1991 సెప్టెంబరు 26న ఎనిమిది మంది లోపలికి వెళ్లారు. తలుపులు మూసుకున్నాయి. రెండేళ్లపాటు గాలి, నీరు, తిండి అన్నీ లోపలే పుట్టాలి, లోపలే తిరగాలి. సముద్రం బాధ్యత అబిగెయిల్ ఆలింగ్‌ది. ఆవిడను గే అని పిలిచేవారు. ఆవిడే సముద్రంలో దిగేది, ఆవిడే కొలిచేది.

మొదటి చలికాలంలోనే కష్టం మొదలైంది. పొలంలో, అడవిలో వేసిన మట్టిలో సేంద్రియ పదార్థం చాలా ఎక్కువ. దాన్ని సూక్ష్మజీవులు తింటూ ఊపిరి వదులుతూ ఉంటే కార్బన్ డయాక్సైడు గాలిలో నిండింది. ఆ ఏడు మబ్బులు ఎక్కువ, ఎండ తక్కువ. మొక్కలు దాన్ని పీల్చుకోలేకపోయాయి. బయట గాలిలో అప్పట్లో దాదాపు 355 పీపీఎం ఉంటే, మేడ లోపల అది చలికాలంలో 4,000 ప్రాంతానికి చేరింది. గాలిలోది నీటిలోకి దిగకుండా ఉండదు. దిగినప్పుడల్లా నీరు పులుపు వైపు జరుగుతుంది, కార్బనేటు తగ్గుతుంది, పగడం గూడు కట్టడానికి ఇటుకలు కరువవుతాయి.

అప్పుడు సోడా బస్తాలు తెరిచారు. సోడియం బైకార్బనేటు, సోడియం కార్బనేటు నీటిలో కలిపి పీహెచ్‌ను నిలబెట్టారు. గాలి ఎంత పులుపు పోస్తే వాళ్లు అంత క్షారం పోశారు. లోపల తిండి చాలదు, నడుం వంచి పొలం పని చెయ్యాలి, ఆక్సిజన్ నెలనెలా తగ్గుతోంది. 1993 మొదట్లో అది 14 శాతం పైచిలుకుకు పడిపోయి, చివరికి బయటినుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది. కొండెక్కినవాళ్లలా ఆయాసపడే మనుషులు, ఆ స్థితిలోనే సముద్రంలోకి దిగి పగడాల మీద పాకిన నాచును చేత్తో పీకేవాళ్లు. నాచు పరుపులు ఒక్కటే చాలవని తేలాక, నీటిలోని మలినాన్ని నురగలోకి పట్టి తీసే యంత్రాలు అమర్చారు. గాజు కప్పు ఎండలో సగానికి పైగా మింగేసేది. ఇన్నిటి మధ్య ఆ పగడపు దిబ్బ బతికింది.

ఆక్సిజన్ ఎటు పోయిందో తేల్చడానికి కొలంబియా విశ్వవిద్యాలయంలో జెఫ్ సెవరింగ్‌హౌస్ అనే యువ పరిశోధకుడు, ఆయన గురువు వాలెస్ బ్రోకర్ పూనుకున్నారు. మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకుని కార్బన్ డయాక్సైడు వదిలాయి. అయితే వదిలినంత కార్బన్ డయాక్సైడు గాలిలో లేదు. వెతికితే అది కాంక్రీటులో దొరికింది. పూత వెయ్యని కాంక్రీటులోని సున్నం దాన్ని పీల్చుకుని సున్నపురాయిగా మారింది. నాకు ఈ సంగతి చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. పగడాలు గూడు కట్టడానికి కార్బనేటు కోసం అల్లాడుతున్న ఆ రెండేళ్లూ, వాటి చుట్టూ ఉన్న గోడలు ఎవరికీ తెలియకుండా సున్నపురాయి కట్టుకుంటూ ఉన్నాయి. ఒక న్యాయం మాత్రం చెప్పాలి. ఆ గోడలు అంత పీల్చుకోకపోయి ఉంటే గాలి ఇంకా చెడేది, సముద్రం ఇంకా పులిసేది.

1993 సెప్టెంబరు 26న తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు బయటికొచ్చారు. పగడాల్లో కొన్ని వెలిశాయి, కొన్నిటికి జబ్బు చేసింది, కానీ దిబ్బ దిబ్బగానే నిలిచి ఉంది. రెండేళ్లు, పది రెట్ల దాకా పులిసిన గాలి కింద, సగం వెలుతురులో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో. ఇది ఓటమి అని రాసినవాళ్లు ఏ అంకెలు చూసి రాశారో నాకు అర్థం కాదు.

కూలిపోవడం ఆ తర్వాత మొదలైంది. కారణం నీళ్లలో లేదు.

డబ్బు పెట్టిన ఎడ్ బాస్‌కూ, ఆ కల కన్న జాన్ ఆలెన్ బృందానికీ మధ్య తగవు ముదిరింది. 1994 మార్చిలో రెండో బృందం లోపలికి వెళ్లింది. నెల తిరగకుండానే, ఏప్రిల్ 1న కోర్టు ఉత్తర్వుతో ఫెడరల్ అధికారులు వచ్చారు. పాత యాజమాన్యాన్ని తప్పించారు. నడిపే బాధ్యత స్టీవ్ బానన్ చేతికి వచ్చింది. అదే మనిషి తర్వాత అమెరికా రాజకీయాల్లో పేరు మోశాడు. ఏప్రిల్ 5 తెల్లవారకముందే అబిగెయిల్ ఆలింగ్, మొదటి బృందంలోనే ఉన్న మార్క్ వాన్ థిల్లో బయటినుంచి వచ్చి మేడ తలుపులు తెరిచారు. కొన్ని గాజు పలకలు పగిలాయి. లోపల ఉన్నవాళ్లు ప్రమాదంలో ఉన్నారనీ, ఉండాలో బయటికి రావాలో వాళ్లే నిర్ణయించుకోవాలనీ ఆవిడ తర్వాత చెప్పింది. రెండేళ్లపాటు ఒక్క గాలి బిందువు లీకైతే ఉలిక్కిపడిన మనిషి, తన చేత్తోనే ఆ తలుపు తియ్యాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆవిడ మనసులో ఏముందో ఊహించే అర్హత నాకు లేదు. ఒక్కటి మాత్రం స్పష్టం. ఆ నీటిని రోజూ కొలిచిన చెయ్యి ఆ రోజుతో ఆ నీటికి దూరమైంది. సెప్టెంబరులో రెండో ప్రయోగం అర్ధాంతరంగా ఆగిపోయింది.

ఇంటి అక్వేరియంలోనైనా ఇంతే. యజమాని ఊరెళ్తాడు, సీసాలు నిండుగానే ఉంటాయి, ఎంత పొయ్యాలో చీటీ అంటించి ఉంటుంది. పక్కింటాయన మర్యాదగా రోజూ పోస్తాడు. పగడాల చివళ్లు పాలిపోయిన సంగతి మాత్రం ఆయన కంటికి ఆనదు, అప్పటిదాకా ఆయన ఎప్పుడూ పగడాన్ని అంత దగ్గరగా చూడలేదు. చూసే కన్ను సీసాలో పోసి ఇచ్చేది కాదు.

1996లో కొలంబియా విశ్వవిద్యాలయం ఆ మేడను నడపడానికి తీసుకుంది. అప్పటికే సముద్రం రంగు మారింది. పగడాలు వెనక్కి తగ్గాయి, నాచు ముందుకొచ్చింది. సున్నం కట్టుకునే ఎర్ర నాచులు కొన్ని దిబ్బను ఇంకా పట్టుకుని ఉన్నాయి. క్రిస్ లాంగ్డన్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆ నీటిలో మళ్లీ క్యాల్షియం క్లోరైడు, సోడియం కార్బనేటు, బైకార్బనేటు కలపడం మొదలుపెట్టారు. ఈసారి అది కొలవడానికి. ఒక కాలంలో నీటిని పారిశ్రామిక యుగానికి ముందున్న సముద్రంలా చేసేవారు. మరో కాలంలో రాబోయే శతాబ్దపు సముద్రంలా చేసేవారు. ప్రతిసారీ దిబ్బ మొత్తం ఎంత సున్నం కడుతోందో లెక్కగట్టేవారు.

నీటిలో అరగొనైట్ నిండుదనం ఎంత తగ్గితే, దిబ్బ కట్టే సున్నం అంతకు తగ్గట్టే తగ్గింది. నీటిలో సున్నం కరిగిపోయేంత పులుపు రానంత వరకూ పగడాలకు ఫరవాలేదని అప్పటిదాకా చాలామంది నమ్మకం. సముద్రంలో క్యాల్షియం కావాల్సినంత ఉంది గదా అనుకునేవారు. 2000లో లాంగ్డన్ బృందం ప్రచురించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని చెరిపేశాయి. 1880కీ 2065కీ మధ్య పగడపు దిబ్బలు కట్టే సున్నం 40 శాతం దాకా పడిపోవచ్చని వాళ్లు లెక్కవేశారు. ప్రపంచ సముద్రాలు పులిసిపోతున్నాయన్న మాట ఇవాళ బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ ఎరుకకు ఆధారంగా నిలిచిన తొలి పెద్ద సాక్ష్యాల్లో ఒకటి, ఎడారిలో చివరి రోజులు లెక్కపెట్టుకుంటున్న ఆ దిబ్బ ఇచ్చింది. పగడాలు నిండుగా ఉన్న రోజుల్లో దాన్ని వినోదపు బొమ్మ అన్నారు. శాస్త్రం దాని మాట చెవినబెట్టింది అది సగం పోయాక.

ఆ పరిశోధన కూడా ఎక్కువ కాలం సాగలేదు. కొలంబియా తన ఒప్పందపు గడువు తీరకుండానే 2003 చివర్లో వెళ్లిపోయింది. మేడ అమ్మకానికి వచ్చింది. ఇళ్ల స్థలాలు వేసే వ్యాపారులకు 2007లో చేతులు మారింది. అదే ఏడు అరిజోనా విశ్వవిద్యాలయం దాన్ని నడపడానికి ముందుకొచ్చింది, 2011లో సొంతం చేసుకుంది. ఈ చేతులు మారే ఏళ్లలో సముద్రం ఎవరిదీ కాకుండా పోయింది. నీళ్లు ఉన్నాయి, అలల యంత్రం ఉంది, ఇసుక ఉంది. పగడాలు ఏ రోజున ఆఖరిదాకా పోయాయో చెప్పే తేదీ ఏదీ లేదు. మనుషులకు కోర్టు ఉత్తర్వులున్నాయి, సంతకాలున్నాయి. వాటికి చీటీ కూడా లేదు. దిబ్బ మీద గోధుమరంగు నాచు పరుచుకుంది. సందర్శకులు గాజు కిటికీ దగ్గర నిలబడి లోపల మసక నీళ్లు చూసి, ఇక్కడ ఒకప్పుడు పగడాలు ఉండేవని గైడు చెబితే వినేవాళ్లు.

తర్వాత రేఫ్ సాగరిన్ వచ్చారు. సముద్ర జీవావరణ శాస్త్రవేత్త, మంచి రచయిత. కరీబియన్‌ను మళ్లీ కట్టాలని పట్టుబట్టకుండా, ఆ నీటిని దగ్గర్లోనే ఉన్న కాలిఫోర్నియా సింధుశాఖలా మార్చాలని ఆయన తలపెట్టారు. ఎడారి పక్కనే ఉండే సముద్రం గదా, ఎడారి మేడలో అదే నప్పుతుందని ఆయన ఆలోచన. ఎంతో సబబైన ఆలోచన అది. 2015 మేలో ఆ మేడకు దగ్గర్లోనే సైకిల్ మీద వెళ్తుంటే ఒక వాహనం గుద్ది ఆయన చనిపోయారు. వయసు ఎంతో లేదు. ఆయన సముద్రం కాగితాల మీదే ఉండిపోయింది.

ఆలింగ్ మాత్రం పగడాలను వదల్లేదు. ప్లానెటరీ కోరల్ రీఫ్ ఫౌండేషన్ ద్వారా నిజమైన సముద్రాల్లో దిబ్బల ఆరోగ్యాన్ని చూడటానికి నౌక మీద బయల్దేరింది. మేడలో ఎన్ని బస్తాల సోడా పోసిందో తెలిసిన మనిషి, సోడా పొయ్యలేనంత పెద్ద నీళ్ల మీద తిరిగింది.

ఇక ఆ పగడాల పుట్టిల్లు అకుమాల్ సంగతి. 2014లో ఫ్లోరిడా దగ్గర మొదలైన రాతి పగడాల కణజాల వ్యాధి 2018లో మెక్సికో కరీబియన్ తీరానికి పాకింది. వందల ఏళ్ల వయసున్న పగడాలు వారాల్లో మాంసం ఊడి తెల్లబడ్డాయి. 2023 వేసవిలో కరీబియన్ అంతా నీళ్లు కాగాయి, మిగిలినవి వెలిశాయి. మేడలో పగడాలను చంపింది మన నిర్లక్ష్యం, అక్కడ వాటిని చంపుతున్నది మన పొగ అని విడదీసి చెప్పుకోవచ్చు. కానీ ఆ రెండు చోట్లా నీళ్లలో జరిగింది ఒకే రసాయన చర్య. 1991 చలికాలంలో మేడ గాలి సముద్రంలోకి దిగినట్టే, ఇప్పుడు 420 పీపీఎం దాటిన బయటి గాలి నిజం సముద్రంలోకి దిగుతోంది. పారిశ్రామిక యుగం ముందు 8.2 దగ్గర ఉన్న సముద్రపు పీహెచ్ 8.1కి వచ్చింది. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఇంట్లో తొట్టి పెట్టుకున్నవాళ్లకు దాని బరువు తెలుసు. అంకె ఇంకాస్త కిందికి జరిగితే వాళ్లు సోడా సీసా వైపు చెయ్యి చాస్తారు.

అకుమాల్ దగ్గర నిలబడి ఎవరు ఏ సీసా తియ్యగలరు? క్షారాన్ని సముద్రంలో కలిపి పులుపు విరచాలని, రుబ్బిన ఖనిజాలు చల్లాలని ఇప్పుడు కొందరు శాస్త్రవేత్తలు నిజంగానే ప్రయత్నిస్తున్నారు. వాళ్ల లెక్కలు బస్తాలు దాటి, ఓడలు దాటి, కొండలకు కొండలు తవ్వేదాకా వెళ్తాయి. ఆ ప్రయత్నాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. మేడలో ఒక ఆడమనిషీ, ఆకలితో ఉన్న ఏడుగురు తోటివాళ్లూ రెండేళ్లు అదే పని చేసి గెలిచారు. అయితే వాళ్లు రోజూ నీళ్లలో దిగారు. పని ఆగిన రోజు నుంచి దిబ్బ పోవడం మొదలైంది.

అరిజోనా విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆ సముద్రానికి మళ్లీ ప్రాణం పొయ్యాలని చూస్తోంది. వేడిని, పులుపును తట్టుకోగల పగడాలను అక్కడ పరీక్షించాలన్నది వాళ్ల తలంపు. పగడాలు వేసే ముందు నీళ్లు కుదరాలి. క్యాల్షియం, మెగ్నీషియం, క్షారత నెలల తరబడి కదలకుండా నిలబడాలి. ఆ పని వాళ్లకు వచ్చు, బస్తాలు కూడా దొరుకుతాయి. వాళ్లను నేను అడగాలనుకునేది వేరే ఉంది. పండగ రోజున ఆ నీటిని ఎవరు కొలుస్తారు? గ్రాంటు ఆగిన నెలలో ఎవరు కొలుస్తారు? పై అధికారులు మారి, తలుపుకు కొత్త తాళం పడిన మర్నాడు, లోపలికి వెళ్లి ఆ రోజు అంకె రాసే మనిషి ఎవరు?